కోడలి మీది కోపం పిట్టల మీద

మా అత్తకు తిట్టడం రాదని పద్నాలుగేళ్లు నమ్మాను. నమ్మడమే కాదు, పుట్టింటికి పోయినప్పుడల్లా గొప్పగా చెప్పుకున్నాను కూడా. "మా అత్తమ్మ నోట్లో నాలుక లేని మనిషి" అంటే మా అమ్మ నన్ను ఎగాదిగా చూసి, "అయితే ఆ ఇంట్ల ఉన్న నాలుకలన్ని నీ నోట్లెనే ఉన్నట్టు" అనేది. అమ్మ అన్నదాంట్లో అబద్ధం లేదు. చిట్యాలలో హైవే పక్కన పుట్టి పెరిగినదాన్ని నేను. లారీల హారన్ల మీద నుంచి మాట్లాడాలంటే గొంతు పెంచక తప్పదు. దానికి తోడు బడిలో పాఠాలు చెప్పే పని. కోపం వస్తే దాచుకోవడం నాకు ఈ జన్మలో చేతకాదు.

కట్టంగూర్ నుంచి లోపలికి పోతే మా అత్తగారి ఊరు. ఆ ఇంట్లో నేను పది మాటలంటే ఆమె "ఊ" అనేది. కూరలో ఉప్పు ఎక్కువైతే మజ్జిగ పోసుకొని తినేది. పొద్దున నేను లేచేసరికి వాకిలి ఊడ్చి, పాలు పిండి, పొయ్యి వెలిగించి ఉండేది. ఎంత మంచి అత్త అనుకుంటూ ఇంకో పది నిమిషాలు పడుకునేదాన్ని.

ఆమె గొంతెత్తి గట్టిగా మాట్లాడిన మాట నేను విన్నది ఒక్క పంట పుణ్యాన. రాష్ట్రం వచ్చిన నాలుగైదేళ్ల తర్వాత సంగతి ఇది. అప్పటికి మా ఊరంతా పత్తే. ఏ గట్టు మీద నిలబడి చూసినా తెల్లగా పత్తి. నేను కాపురానికి వచ్చిన ఏడే మా పొలంలో జొన్న ఆగిపోయి పత్తి మొదలైందట. అయినా అత్త మాత్రం ఏటేటా బావి దగ్గర రెండు సాళ్లు పచ్చజొన్న వేసుకునేది. గింజ పసుపు రంగులో ఉంటుంది, రొట్టె చేస్తే మరునాటికి కూడా మెత్తగా ఉంటుంది. ఆమె పుట్టిల్లు అమ్రాబాద్ దిక్కు. పెళ్లై వచ్చేటప్పుడు వాళ్లమ్మ కొంగున కట్టి పంపిన విత్తనం అది. ఆ రెండు సాళ్ల కంకులకు పాత గుడ్డలు చుట్టి పిట్టల నుంచి కాపాడి, గింజలు బూడిదలో కలిపి కుండలో దాచేది. కొత్త గింజ వచ్చాక పాత గింజను రొట్టెలకు వాడేది.

అంతకు ముందటేడు ఆ రెండు సాళ్లనూ అడవిపందులు తొక్కి నాశనం చేశాయి. కుండలో మిగిలింది పాత గింజే. ఇంకో ఏడు ఆగితే మొలవదు. ఆ ఊళ్లోనే కాదు, చుట్టుపక్కల ఎక్కడా ఆ విత్తనం లేదు. తొలకరి పడ్డ రోజు మా ఆయన పత్తి విత్తనాల ప్యాకెట్లు తెచ్చి అరుగు మీద పెట్టగానే అత్త బయటకు వచ్చి, "ఇరవై గుంటలు నాకు ఇడువు" అంది. అంతే. మా ఆయన "ఊరంత పత్తేస్తే నువ్వొక్కదానివి జొన్నేస్తవా, పిట్టలు ఇడుస్తయా?" అని నసిగాడు గానీ, ఏనాడూ ఏమీ అడగని మనిషి అడిగితే కాదనేవాడెవడు? కుండ బోర్లించి ఉన్నదంతా చల్లింది. ఇక ఆ చేను పండితేనే విత్తనం. లేదంటే వాళ్లమ్మ కొంగుముడి అక్కడితో సరి.

చేను బ్రహ్మాండంగా పెరిగింది. మనిషి మునిగేంత ఎత్తు. దసరా ముందు కంకులు బయటికొచ్చి గింజ పాలుపోసుకుంటున్నప్పుడు వచ్చాయి పిట్టలు. అబ్బబ్బ, ఏం రావడం అది! పిచ్చుకలు, గోరింకలు, గిజిగాళ్లు, వాటి వెనక చిలుకల దండు. పత్తిలో వాటికి తినడానికి గింజ లేదు కదా, నాలుగూళ్ల పిట్టలకు మా ఇరవై గుంటల అరెకరమే పెళ్లిబంతి. చిన్నవి పాలు పీల్చి పొట్టు వదిలేస్తే, చిలుకలు కంకి మెడనే కొరికి కింద పడేసేవి. తిన్నదానికంటే పాడుచేసింది ఎక్కువ. చూస్తుంటే నా ఒళ్లు మండిపోయింది.

అత్త విత్తనానికని మంచి కంకులు పాతిక ఎంచి ఎప్పటిలాగే గుడ్డలు చుట్టింది. వెంటనే మూడు రోజులు ముసురు పట్టింది. విప్పి చూస్తే లోపల గింజంతా నల్లటి బూజు. ఆమె ఆ కంకుల్ని కాసేపు చేతుల్లో పట్టుకొని, పశువుల ముందు వేసింది. మరునాడు మా ఆయనతో చేను నడుమ నాలుగు గుంజలు పాతించి మంచె కట్టించింది. తెల్లవారకముందే వడిసెల పట్టుకొని మంచె ఎక్కింది. రాయి పెట్టి గిర్రున తిప్పి విసిరే తాడు అది. పద్నాలుగేళ్లుగా అటక మీద ఉందట.

బడికి దసరా సెలవులు. నాలుగో రోజు నేనే సద్ది పట్టుకొని చేనికి పోయాను. పత్తి చేన్ల మధ్య నడుస్తుంటే దూరం నుంచి ఎవరో ఆడమనిషి ఇరగదీసి తిడుతోంది. ఆహా, ఎవరో జుట్లు పట్టుకున్నారు అనుకొని హుషారుగా నాలుగడుగులు వేగంగా వేశాను. తీరా కంది సాళ్ల వెనక నుంచి తల ఎత్తి చూస్తే, మంచె మీద కొంగు నడుముకు చుట్టి, వడిసెల తిప్పుతూ మా అత్త!

"హోయ్! లే! లేవవేందే మొద్దుదానా! పొద్దు బారెడెక్కినంక లేసుడు, లేసుడుతోనే తిండికాడికి ఉరుకుడు! ఒకలు చేసిపెడ్తె తినుడు మరిగినవు గదనే! ముక్కుకు ఎర్రరంగేసుకొని గంటసేపు సోకులు! నీ కూతకు ఊరంత లేస్తది, నువ్వు మాత్రం లేవవు!"

చిలుకల దండు చప్పున లేచింది. ఆమె అటు తిరిగి గోరింకల్ని అందుకుంది, ఇటు తిరిగి పిచ్చుకల్ని. ఒక్క మాట తడబడదు. ఊపిరి తీసుకోవడానికి కూడా ఆగదు. నాకు నవ్వు ఆగలేదు. సంబరం పట్టలేక ఫోన్ తీసి కంది చాటు నుంచే మొత్తం రికార్డు చేశాను. గాలికి, నా నవ్వుకు సగం మాటలు నాకే సరిగా వినపడలేదు. ఇంట్లో అందరికీ వినిపించి ఆమెను ఏడిపించాలని నా ఆలోచన. నేను మంచె దగ్గరికి పోయేసరికి ఆమె నోరు మూతపడింది. సద్ది అందుకొని "ఊ" అంది.

ఆరో రోజుకు అత్త గొంతు పూర్తిగా పోయింది. గాలి తప్ప మాట రాదు. దవాఖానకు తీసుకుపోతే డాక్టరమ్మ టార్చి వేసి చూసి, పదిహేను రోజులు నోరు తెరవొద్దంది. బయటికి రాగానే అత్త చేత్తో చేను దిక్కు చూపించింది. గింజ గట్టిపడడానికి ఇంకా మూడు వారాలు. ఆమె కళ్లల్లో నీళ్లు చూడడం నాకు అదే మొదటిసారి. "నువ్వు ఫికర్ చెయ్యకు అత్తమ్మా, నేనున్న" అనేశాను. అన్నాక గానీ ఏం చేయాలో నాకు తెలియదని గుర్తు రాలేదు.

చిట్యాలలో మా తమ్ముడు ట్రాలీ ఆటోలో ఉల్లిగడ్డలు అమ్ముతాడు. వాడి మైకు డబ్బా గుర్తొచ్చి ఎగిరి గంతేశాను. వాడు "అక్కా, నా గిరాకీ పోతది" అని మొత్తుకుంటున్నా వినకుండా బ్యాటరీతో సహా పట్టుకొచ్చి మంచె మీద కట్టాను. మొదటిసారి మీట నొక్కితే "ఉల్లిగడ్డ, ఎర్ర ఉల్లిగడ్డ" అని అరిచింది. ఒక్క పిట్ట కదల్లేదు. అప్పుడు నా ఫోన్లోని అత్త తిట్లు అందులోకి ఎక్కించి, గొంతు పూర్తిగా పెంచి పెట్టాను. చేనంతా ఒక్కసారి పైకి లేచినట్టయింది! ఆకాశం పిట్టలతో నల్లబడింది, దండంతా పత్తి చేన్ల మీద నుంచి తుమ్మల దిక్కు కొట్టుకుపోయింది. నేను గట్టు మీద చప్పట్లు కొడుతూ గెంతాను. పత్తి ఏరుతున్న కూలీలు పని ఆపి చూశారు.

మైకు తిరిగి మొదటికి వచ్చింది. మళ్లీ తిట్లు. మళ్లీ మొదటికి. మూడోసారి వినేటప్పుడు నా చప్పట్లు ఆగిపోయాయి.

పొద్దు బారెడెక్కాక లేచేదెవరు? ఒకరు చేసిపెడితే తినేదెవరు? బడికి పోయేముందు పెదవులకు కొంచెం రంగు వేసుకునే అలవాటు ఉన్నదెవరికి? కూతకు ఊరంతా లేచేది ఎవరి గొంతు? అత్త మీది కోపం దుత్త మీద అని సామెత విన్నాను గానీ, కోడలి మీది కోపం పిట్టల మీద అని ఎవరూ చెప్పలేదే! పైగా దాన్ని నేనే మైకులో పెట్టి ఊరికి వినిపిస్తున్నాను.

సర్రున ఇంటికి పోయాను. అత్త వాకిట్లో కూర్చొని చేటలో బియ్యం చెరుగుతోంది.

"నన్నేనా అత్తమ్మా? ఆ ఎర్రముక్కుది నేనేనా?"

ఆమె చెయ్యెత్తి ఆకాశం చూపించింది. పిట్టలట.

"పిట్టలు గంటసేపు సోకులు చేసుకుంటయా?"

చేసుకుంటాయన్నట్టు తల ఊపింది. చిలుక ముక్కు దువ్వుకున్నట్టు వేలితో అభినయించి కూడా చూపించింది. తిరిగి మాట్లాడలేని మనిషితో కొట్లాట పెట్టుకోవడం ఎంత నరకమో అప్పుడే తెలిసింది. నేను అరుస్తున్నాను, ఆమె చెరుగుతోంది.

ఇంతలో వాకిట్లోకి మా పక్క చేను అక్క దూసుకొచ్చింది. మాకూ వాళ్లకూ ఒకటే గట్టు. ఆ గట్టు దగ్గర అంతకు ముందే ఒకసారి మాటామాటా పెరిగింది. పత్తి ఏరే సంచి నడుముకు కట్టుకొని అట్లాగే వచ్చింది.

"ఏమే చెల్లె, మైకు పెట్టి తిట్టేకాడికి వచ్చిండ్రా? జానెడు జానెడు జరుగుకుంట వస్తవు, నీది నీకు సరిపోదా అని ఎవలనన్నరు? గట్టు నీ తాత కట్టిండా అని ఎవలనన్నరు? కూలోళ్లంత నా మొకం జూసి నవ్వవట్టిరి!"

"అవి పిట్టలను అన్న మాటలక్కా" అన్నాను.

"పిట్టలు గట్టు జరుపుతయా?"

నేను రెండు నిమిషాల కింద అడిగిన ప్రశ్నలాంటిదే. పాలు పోయించుకుపోవడానికి వచ్చిన పాలకేంద్రం మనిషి క్యాన్ పట్టుకొని గడప దగ్గరే నిలబడి, "పాలన్ని గుంజి పొట్టు మిగిలిస్తరు అన్నది మమ్ములనైతే గాదు గద?" అని అనుమానంగా అడిగాడు. మా ఆయన అప్పుడే వచ్చాడు. అతన్ని చూడగానే నాకు ఇంకో ముక్క గుర్తొచ్చింది: "పొద్దంత ముచ్చట్లు, పెండ్లాం కూతవెడితె గుబుర్ల తలకాయ దాసుకునుడు, మగోనివేనా నువ్వు!" అతను కూడా దారిలో విన్నట్టున్నాడు. గొంతు సవరించుకొని, "గది పిట్టలనే అన్నది, నాకు దెల్వదా" అని తలకాయ వంచుకొని లోపలికి పోబోయాడు.

అత్త చేట పక్కన పెట్టింది. చేత్తో అందరినీ ఆగమంది. డాక్టరమ్మ వద్దన్నా గుసగుసగా మాట్లాడింది. వినడానికి మేమంతా ఆమె చుట్టూ వంగాల్సి వచ్చింది.

"మిమ్ముల్నే అన్న. అందర్ని అన్న. నేను ఈ ఇంటికొచ్చిన కొత్తల మా అత్త ముంగట నోరు లేపితె బతుకనిస్తురా? మంచె మీద ఎవలు అడ్డం? పిట్టలను అంటాంది అనుకునేటోళ్లు. ఏడాదంత మింగింది గా నెలరోజుల కక్కి, ఇంటికొచ్చి కమ్మగ పండేదాన్ని. పిట్టలు ఇంటయి గని ఎదురు మాట్లాడయి. మీరు పత్తి వెడ్తిరి. పత్తి మీద గింజల పిట్ట వాలదాయె. ఇగ నేను ఎవల్ని తిట్టాలె?"

నేను కాపురానికి వచ్చిన ఏడే జొన్న ఆగిపోయింది. అంటే నేను ఎరిగిన పద్నాలుగేళ్లూ ఆమె మింగుతూనే ఉంది. ఉప్పెక్కువైన కూరలన్నీ, నా పది నిమిషాల నిద్రలన్నీ. నోట్లో నాలుక లేదని నేను ఊరూరా చెప్పుకున్నాను. సిగ్గేసింది. చాలా సిగ్గేసింది.

పక్క చేను అక్క నడుముకున్న సంచి విప్పి కింద కూలబడింది. ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది. "చిన్నమ్మా, మా అత్త మంచె ఎక్కి ఎవలనో 'బానకడుపుదానా' అని తిట్టేది. మేమంత ఎడ్డిమొకాలేసుకొని కొంగ అనుకున్నం. గిప్పుడు సమజైతాంది, గది నన్నే!" అంది. అత్త గొంతులేకుండా భుజాలు ఊగేలా నవ్వింది.

మైకు పని మూడు రోజులే. నాలుగో నాడు నేను పోయేసరికి డబ్బా మీదే ఒక చిలుక కూర్చొని ఉంది. దాని కాళ్ల కింద మా అత్త గొంతు మోగుతోంది, అది తాపీగా ముక్కు దువ్వుకుంటోంది. చేను ఒక అంచు పూర్తిగా పొట్టయింది. అత్త ఆ అంచున కంకులు ఒక్కొక్కటీ తడిమి చూస్తోంది. ఇట్లాగే పోతే వారంలో కంకి మిగలదు, విత్తనం మిగలదు.

గట్టవతల నుంచి అక్క చూసి పరుగెత్తుకొచ్చింది. "డబ్బ తిట్లు పిట్టలకు ఎక్కుతయానే? రోజొక్కతీరు తిట్టాలె. మనిషి ఉండాలె" అంటూనే నిచ్చెన ఎక్కింది. పైన నిలబడి చుట్టూ చూసి, గొంతెత్తింది.

"హోయ్! గట్టు జరిపిన్నంటవా? జరిపిన! అవ్, జానెడు జరిపిన! ఏం జేసుకుంటవో జేసుకో పో!"

పిట్టలు లేచాయి. కింద నేను నోరు తెరుచుకొని ఉండిపోయాను. "అక్కా, జరిపినవా?" అంటే, "పిట్టలకు జెప్పిన, నీకు జెప్పలే" అంది పై నుంచి.

ఆ రోజు నుంచి మంచె ఖాళీగా ఉంటే ఒట్టు. పత్తి ఏరే ఆడవాళ్లు పొద్దున పనిలోకి దిగేముందు ఒకరు, అన్నం వేళ ఒకరు, పొద్దుగూకే ముందు ఒకరు. బతుకమ్మ పాటలు పాడిన గొంతులే ఇప్పుడు తిట్లు ఎత్తుకున్నాయి. ఒకామె ఆడబిడ్డను తిట్టింది, ఒకామె పనికి పెట్టుకున్న మేస్త్రీని తిట్టింది. ఎప్పుడూ తల ఎత్తని ఒక కొత్త కోడలు మంచె ఎక్కి, మాటలు దొరక్క "హో... హో..." అని మాత్రమే అరిచి, ముఖం ఎర్రగా చేసుకొని దిగింది. రెండో రోజు ఆమెకు మాటలు దొరికాయి. కింద ఉన్నవాళ్లకు ఒకటే కట్టుబాటు: ఎవరినని అడగకూడదు. పిట్టలను, అంతే.

ఒకరోజు నేనూ ఎక్కాను. బడిలో నలభై మందిని అదిలించే గొంతు నాది, పిట్టలొక లెక్కా అనుకున్నాను. ఎక్కాక కింద చూస్తే మంచె నీడలో అత్త కూర్చొని ఉంది.

"హోయ్! ఉప్పెక్కువైతె చెప్పవు, కారమెక్కువైతె చెప్పవు! లెవ్వమని ఒక్కనాడన్న అన్నవా? నీ మనసుల ఏమున్నదో పద్నాలుగేండ్లు నాకు ఎట్ల దెలుస్తది? మనిషిని పక్కన వెట్టుకొని పిట్టలకు జెప్పుకుంటవా?" అని అరిచాను. మొదట ఆటకే అరిచాను. చివరికి వచ్చేసరికి ఏడుపొచ్చింది. గిజిగాళ్లు ఒక మబ్బులా లేచి పోయాయి. కింద అత్త తల ఎత్తలేదు. కొంగుతో ముఖం తుడుచుకుంది.

చేను కోశాం. సగానికి సగం పిట్టలపాలే. అయినా నడిమి సాళ్లలో కంకులు పిడికిలంత లావున, పసుపు గింజతో నిండుగా దొరికాయి. అత్త వాటిని విడిగా కట్టి ఎండబెట్టి, కొట్టి, బూడిద కలిపి కుండకెత్తింది. కుండ మూతి దాకా వచ్చింది. ఆ రోజు ఆమె ముఖం చూడాల్సింది. నేనైతే వాకిట్లో కేకలు పెట్టి అందరినీ పిలిచాను.

వచ్చినవాళ్లు ఊరికే రాలేదు. పక్క చేను అక్క కొంగు పట్టింది. "నాక్కొన్ని పెట్టు చిన్నమ్మా. పది గుంటలన్న ఏస్త."

"రొట్టెలకానే?"

"రొట్టెలకు గాదు, మంచెకు."

ఆమె వెనకాల ఇంకో ముగ్గురు. అత్త ఒక్కొక్కరికీ సేరు చొప్పున కొలిచి పోసింది. అప్పటికి గొంతు కొంచెం తిరిగి వచ్చింది. "అందరు ఒక్క వారంలనే ఏయాలె. ఒక్కలు పెడ్తె పిట్టలపాలు. నలుగురు పెడ్తె పిట్టలకే ఆగమాగం" అంది. వాళ్లమ్మ ఒక కొంగున కట్టిన విత్తనం నాలుగు కొంగుల్లో మా వాకిలి దాటిపోయింది. ఇక ఏ పంది తొక్కినా, ఏ ముసురు పట్టినా ఫికర్ లేదని నాకు అప్పుడు తట్టింది.

మరుసటి వానకాలం ఊళ్లో ఐదు మంచెలు లేచాయి. పిట్టలు అన్ని చేన్లకూ పంచుకుపోయాయి. మా చేన్లో వాలినవి ఎంతో కొన్ని. అత్త వడిసెల ఒళ్లో పెట్టుకొని పక్క మంచెల తిట్లు వింటూ కూర్చొని, బోరు కొట్టి ఎండ ముదరకముందే ఇంటికి వచ్చేది. ఒక ఆదివారం నేనింకా దుప్పటి ముసుగేసుకొని ఉన్నాను. గడప దగ్గర చెప్పులు విడిచిన చప్పుడు. ఆమె లోపలికి వచ్చి మంచం దగ్గర నిలబడింది.

"పొద్దు బారెడెక్కింది. లేస్తవా లేవవా? ఒకలు చేసిపెడ్తె తినుడు మరిగినవు!"

పిట్ట లేదు, మంచె లేదు. నన్నే. సూటిగా నా ముఖం మీదే, పదిహేనేళ్ల తర్వాత మా అత్త నన్నే తిట్టింది. దుప్పటి తన్నేసి ఎంత సంతోషంగా లేచానో చెప్పలేను. లేచి నిలబడి, "ఆదివారం గూడ పండనియ్యవా?" అని గట్టిగా ఎదురు మాట్లాడాను.